బొమ్మలో మనిషేడీ

సారు చనిపోయిన వారంలోనే ఆయన కూతురు ఫోన్ చేసింది. నేను కొత్తపేటలో మా ఎలక్ట్రికల్ షాపులో ఉన్నాను. ఒకాయన మాడిపోయిన ట్యూబులైటు పట్టుకొచ్చి, నిన్ననే కొన్నానని నాతో వాదిస్తున్నాడు.

"అంకుల్, పదకొండో రోజుకి నాన్న ఫొటో ఒకటి పెట్టాలి. ఇల్లంతా వెతికాం, సరైనది ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీదది పెద్దది చేయిస్తే, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉన్నారని అమ్మ ఒకటే ఏడుపు. అమ్మ బీరువా తలుపుకి అతికించుకున్న ముక్క ఒకటుంది గానీ అది మరీ సన్నది. మీరంతా ఆదివారాలు నాన్నతో కలిసి ఫొటోలు తీసేవాళ్ళు కదా. మీ దగ్గర మంచిది ఉంటుంది కదండీ?"

"ఎందుకుండదమ్మా! బోలెడున్నయి. రేపే పంపిస్త" అన్నాను.

ఆ 'బోలెడు' అన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎవరో కొత్తవాళ్ళ ముందు కోతలు కోస్తే పోనీలే అనుకోవచ్చు. తండ్రి పోయిన పిల్లకు చెప్పిన మాట అది.

సాయంత్రం షాపు తొందరగా మూసేసి ఇంటికెళ్ళి పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సరూర్‌నగర్ చెరువులో కొంగలున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర వానలో గొడుగులున్నాయి. పెద్ద అంబర్‌పేట్ అవతల రింగు రోడ్డు మీద మబ్బులున్నాయి. పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోకముందు, మా కొత్తపేటలో ఉన్న కాలంనాటి బత్తాయి కుప్పలున్నాయి. సూర్యాస్తమయాలైతే చెప్పక్కర్లేదు, పది తరాలకు సరిపోతాయి. వీటన్నిటికీ సారు మాతో వచ్చారు. ఒక్కదాంట్లోనూ సారు లేరు.

బొత్తిగా లేరంటే అబద్ధం. ఒకదాంట్లో ఆయన మోచెయ్యి ఉంది. ఒకదాంట్లో ఆయన స్కూటర్ అద్దం ఉంది. కొంగల ఫొటోల్లో పైన మూలకు నల్లగా గొడుగు అంచు ఉంది. లెన్సు మీద ఎండ పడకుండా మాకు ఆయనే గొడుగు పట్టేవారు. "సార్, జర పక్కకు జరుగుండ్రి, ఫ్రేముల పడుతున్నరు" అని మేం అరవడం, "ఇదిగో, ఇదిగో" అంటూ ఆయన వెనక్కి తగ్గడం మాకు అలవాటు. అలా జరిపి జరిపి ఆయన్ను మా ఫొటోలన్నిటి నుంచీ బయటికి పంపేశాం.

యాదగిరికి ఫోన్ చేశాను. చైతన్యపురిలో జిరాక్స్ సెంటర్ ఉన్న మనిషి, మా ఫొటోల గుంపులో నాతోపాటు మొదటినుంచీ ఉన్నవాడు. వాడూ మొదట "ఉండకేం, మస్తుగుంటయి" అన్నాడు. గంట తర్వాత వాడే ఫోన్ చేశాడు.

"ఒక్కటి గూడ లేదురా. ఆయన చెప్పులున్నయి. ఇజ్జత్ పోయింది మనది."

సారు చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. తెనాలి దగ్గరి మనిషి. ఆదివారం పొద్దున పిల్లలకు పరీక్ష ఉండేది, మధ్యాహ్నం నుంచి గది ఖాళీ. తాళంచెవి ఆయన దగ్గరే. ఆ గదిలో బల్లలు రెండు దగ్గరికి జరిపి, ఆ వారం తీసిన ఫొటోలు ప్రింటు వేయించి తెచ్చి పరుచుకునేవాళ్ళం. సగంమంది మా నల్గొండ వైపువాళ్ళు, సగంమంది ఆయన వైపువాళ్ళు. ఎవడికీ ఫొటోగ్రఫీ బతుకుతెరువు కాదు, అందుకే పౌరుషాలు మాత్రం ఆకాశాన్నంటేవి.

ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బల్లమీద ఎవరి బొమ్మ ఉందో వాడు నోరు విప్పకూడదు. ఫొటోను ఆయన బొమ్మ అనేవారు. అందరూ తిట్టడం అయ్యాక కింద హోటల్నుంచి టీ వచ్చేది. టీ వచ్చాకే వాడికి మాట్లాడే హక్కు.

"పొద్దున్నే లేచాను, బురదలో పడుకున్నాను, కుక్క తరిమింది. ఇవన్నీ బొమ్మకి తెలీదయ్యా. అది చెప్పేది అది చెబుతుంది. నువ్వు పక్కన నిలబడి అర్థాలు చెప్పకు" అనేవారు.

తిట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన బఠాణీల పొట్లం ఉండేది. ఒక్కొక్కటే నోట్లో వేసుకుని టకటకా నములుతూ బల్ల చుట్టూ తిరిగేవారు. సూర్యాస్తమయం కనిపిస్తే "సూర్యుడికి నూటికి నూరు. నీకు సున్నా" అని ముందుకు సాగిపోయేవారు. గులాబీ పువ్వు తీసుకొస్తే "నర్సరీవాడు బాగా పెంచాడు" అనేవారు. ఒకసారి నేను చెరువు ఫొటో కాస్త వంకరగా తీస్తే, "నీళ్ళన్నీ కుడిపక్కకి కారిపోతున్నాయి, ఎవరైనా బకెట్టు పెట్టండి" అన్నారు. ఆ నెలంతా గుంపులో నా పేరు బకెట్టే.

బఠాణీ నమిలే చప్పుడు ఆగిందంటే మాత్రం బొమ్మ నచ్చినట్టు లెక్క. మెప్పు మాటలు ఆయన దగ్గర లేవు. ఆ చప్పుడు ఆగడం కోసమే మేం వారమంతా తిరిగేవాళ్ళం.

ఎంత నచ్చినా ఆయన ఆఖరి ప్రశ్న ఒక్కటే. "బాగుందయ్యా. మనిషేడీ?" బత్తాయి కుప్పలు చూసినా అదే ప్రశ్న. "కాయలు బాగున్నాయి. కాసినవాడేడీ, కొన్నవాడేడీ?" కొంగలు చూసినా అంతే. యాదగిరి ఒకసారి తట్టుకోలేక "సార్, అది కొంగ. దానికి మనిషెందుకు?" అన్నాడు. "నువ్వున్నావుగా అక్కడ, దాన్ని చూస్తూ. కనబడటంలేదే మరి?" అన్నారాయన. మాకేం అర్థం కాలేదు. అర్థమైనట్టు నవ్వాం.

ఇంత తిట్టే మనిషి స్వయంగా ఎంత ఘోరంగా తీసేవారో చెప్పాలి. ఆయనది జేబులో పట్టే చిన్న కెమెరా. దాంతో తెలిసినవాళ్ళనే తీసేవారు. టీ తెచ్చే మనిషి, లిఫ్టు దగ్గర వాచ్‌మన్ భార్య, మేము. అందరూ బొమ్మకి సరిగ్గా నడుమ, బిగుసుకుపోయి, ఎదురుగా చూస్తూ ఉంటారు. తలమీద కరెంటు స్తంభం మొలిచి ఉంటుంది. పక్కన ఆయన వేలు కూడా పడి ఉంటుంది. ఆ బొమ్మలు బల్లమీదికి వస్తే మాకు పండగే. "సార్, ఇది రేషన్ కార్డుకు పనికొస్తది" అనేవాడు యాదగిరి. తన కట్టుబాటు ప్రకారం ఆయన నోరు మూసుకుని వినేవారు. టీ వచ్చాక మాత్రం అడిగేవారు.

"మనిషున్నాడా, లేడా?"

"ఉన్నడు సార్."

"చాలు."

ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాను. మా అమ్మ అప్పుడు ఊరినుంచి వచ్చి ఉంది. గడపలో కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. సారు చెప్పులిప్పుతూనే కెమెరా తీసి, "అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి" అన్నారు. అమ్మ కొంగు సర్దుకుని, కోర్టులో సాక్ష్యం చెప్పేదానిలా చూసింది. ఆ తర్వాతి వారం ఆ బొమ్మ బల్లమీద పడింది. వెనక గ్యాసు సిలిండర్ పడిందనీ, గోడకు సున్నం లేదనీ అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఇవాళ మా ఇంట్లో గోడమీద దండ వేసి ఉన్న అమ్మ ఫొటో అదే, సిలిండర్‌తో సహా. అమ్మది నేను తీసింది ఒక్కటీ లేదు. ఉన్న రోజుల్లో అమ్మ ముందునుంచే కెమెరా బ్యాగు భుజాన వేసుకుని కొంగల దగ్గరికి పోయేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ గది పలచబడింది. బంద్‌లు, రాస్తారోకోలు, టీ హోటల్లో మాటలు. ఆంధ్ర వైపువాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. అంతకుముందు ఫొటోను తిడితే ఫొటోనే తిట్టినట్టుండేది, ఇప్పుడు మనిషిని తిట్టినట్టయింది. సారు మాత్రం ఆదివారం తాళం తీసేవారు, బల్లలు జరిపేవారు. యాదగిరి ఒకరోజు మొహమాటపడుతూ అన్నాడు.

"సార్, మీరేమనుకోకుండ్రి. మా కొట్లాట మీ మీద కాదు."

"నా మీదని నేనన్నానా? ఆ చెట్టు బొమ్మ ఇటియ్యి, దాని సంగతి చూద్దాం."

ఒక బంద్ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డుమీదే పొయ్యిలు, రోడ్డుమీదే భోజనాలు. విజయవాడ వెళ్ళే రోడ్డు అంత ఖాళీగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. నేను కెమెరాతో వెళ్ళాను. యాదగిరి గరిటె పట్టుకుని డేగిశా దగ్గరున్నాడు. సారుకి ముందే చెప్పాం, "మీరు రాకుండ్రి సార్, ఎవడో ఒకడు ఏదో ఒక మాటంటడు" అని. ఆయన చైతన్యపురి నుంచి నడుచుకుంటూ వచ్చేశారు. వచ్చీ రాగానే చిన్న కెమెరా తీసి, డేగిశా పక్కన యాదగిరిని నిటారుగా నిలబెట్టి ఒక రేషన్ కార్డు ఫొటో తీశారు.

కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి ఆయన్ను చూశాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలి పక్కన."

యాదగిరి చేతిలో గరిటె ఆగింది. ఆ పెద్దమనిషి ఒక విస్తరి తీసి సారు చేతికిచ్చాడు.

"యే ఊరైతేంది, ఆకలి అందరిదొక్కటే. కూసోండ్రి సారు."

సారు పంక్తి చివర కూర్చున్నారు. బగారన్నం, వంకాయకూర పెట్టారు. నేను డివైడర్ ఎక్కి కెమెరా కంటికి పెట్టుకున్నాను. ఖాళీ రోడ్డు దూరం దాకా పోతోంది. దాని మీద బారుగా కూర్చుని తింటున్న జనం. సారు ఒక ముద్ద తిని, రెండో ముద్ద చేత్తో పైకెత్తి, గదిలో చెప్పినట్టే తీర్పు చెప్పారు.

"అన్నం బాగుంది. ఉప్పు తగ్గింది!"

పంక్తి పంక్తంతా తలలు ఆయనవైపు తిప్పి ఫక్కున నవ్వింది. ఆయన కూడా ముద్ద పట్టుకుని నవ్వారు. నేను నొక్కాను. నా బతుకులో నేను తీసిన మంచి బొమ్మ అదొక్కటే.

ఆ తర్వాతి ఆదివారం దాన్ని పెద్ద సైజులో వేయించి బల్లమీద పెట్టాను. గదిలో ఆయన తప్ప అందరం ఇటువైపువాళ్ళమే. బఠాణీ చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. ఒకడు "కుడిపక్క జర..." అని మొదలుపెట్టి ఆపేశాడు. కుడిపక్క ఉన్నది సారు. ఉద్యమం బొమ్మలో ఆంధ్రా సారు. ఆ మాట బయటికి అనడానికి మాకు మర్యాద అడ్డం వచ్చింది, అనకుండా ఉండటానికి మనసు రాలేదు. అందుకని అందరం బల్లకేసి చూస్తూ నిలబడ్డాం.

ఆయన దగ్గర శుభలేఖ అట్టతో ఎల్ ఆకారంలో కత్తిరించుకున్న మూలమట్టాలు రెండుండేవి. వాటిని బొమ్మ మీద పెట్టి అటూ ఇటూ జరిపి, ఎక్కడ కోస్తే బాగుంటుందో చూపించేవారు. అందరూ ఒప్పుకుంటే బ్లేడుతో అక్కడే కోసెయ్యాలి. అదీ కట్టుబాటే. కోసిన ముక్కలు ఆయన జేబులో వేసుకునేవారు, వెనక తెల్లగా ఉంటుంది, లెక్కలు చేసుకోవచ్చని.

ఆ రోజు ఆయన మూలమట్టం తీసి, తన బొమ్మ మీద తనే పెట్టారు. మెల్లగా ఎడమకు జరిపారు. ముందు చెయ్యి పోయింది, తర్వాత ముద్ద పోయింది, తర్వాత మొహం పోయింది.

"ఇప్పుడు చూడండి. ఇది మీ బొమ్మ. ఇందులో నేను అడ్డం" అన్నారు.

"ఇప్పుడు మంచిగుంది సార్" అన్నాడొకడు. మంచిగుందని అందరూ అన్నారు. యాదగిరి కూడా అన్నాడు. వాళ్ళ గొంతుల్లో తేలికదనం నాకు వినిపించింది. నేను నోరు విప్పకూడదు కాబట్టి విప్పలేదు. కోశారు. టీ వచ్చింది. అందరూ నావైపు తిరిగారు, నా వంతని. ఇప్పుడు మాట్లాడే హక్కు నాది. నేను "థాంక్స్ సార్" అన్నాను.

ఆ రోజు ఆయన "మనిషేడీ" అని అడగలేదు. అడగాల్సిన వాళ్ళం మేం, మాకు తట్టలేదు.

ఆ రాత్రే కంప్యూటర్లో ఉన్నదాన్ని కూడా అదే కొలతకు కోసి, అసలుదాని మీదే సేవ్ చేసేశాను. కోసినది ఉండగా అసలుది ఇంకెందుకనుకున్నాను. తర్వాత ఆ ఫొటోకి మంచి పేరొచ్చింది. ఒక సభలో పెద్దది చేయించి పెట్టారు. జనం అందరూ నవ్వుతూ కుడివైపే చూస్తుంటారు, అక్కడ ఎవరూ ఉండరు. "రాబోయే తెలంగాణను చూస్తున్నట్టున్నదన్నా!" అని ఒకాయన నన్ను కౌగిలించుకున్నాడు. నేను కాదనలేదు. వాళ్ళు చూస్తున్నది ఉప్పు తగ్గిందన్న తెనాలి మాస్టారినని చెప్పలేదు.

రాష్ట్రం వచ్చింది. కోచింగ్ సెంటర్ వేరే బిల్డింగుకు మారింది. మా బల్ల వాట్సాప్ గ్రూప్ అయింది. అందులో ఎవరూ ఎవర్నీ తిట్టరు. సూర్యాస్తమయం పెడితే బొటనవేళ్ళు వస్తాయి, దండాలు వస్తాయి. అప్పుడప్పుడూ కింద సారు మాత్రం "మనిషేడీ?" అని పెట్టేవారు. కొత్తగా చేరినవాళ్ళకు అదేమిటో తెలియక దానికీ ఒక దండం పెట్టేవాళ్ళు.

సారు కూతురు ఫోన్ చేసిన రాత్రి కంప్యూటర్ ముందు ఆ బంద్ ఫొటో తెరిచి, మౌస్‌తో కుడి అంచును లాగి చూశాను. రాదని తెలుసు. అయినా లాగాను.

పదకొండో రోజు యాదగిరీ నేనూ ఉత్త చేతులతో వెళ్ళాం. చైతన్యపురిలో వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్లో షామియానా వేశారు. ఎదురుగా బల్లమీద దండ వేసిన ఫొటో ఉంది. దగ్గరికి వెళ్ళేదాకా నాకు తెలియలేదు. నిలువుగా, సన్నగా ఉంది. ముద్ద పైకెత్తి, ఎడమవైపు చూస్తూ, నోరంతా తెరిచి నవ్వుతున్న సారు. ఎడమ అంచు బ్లేడు కాస్త వంకరగా పోయినచోట అలాగే ఉంది. ఆయన ఆ ముక్క వెనక లెక్కలు చెయ్యలేదన్నమాట. జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి భార్యకు ఇచ్చారు.

"మీ దగ్గర్నుంచి రాకపోయేసరికి బీరువా మీది ముక్కనే పెద్దది చేయించాం అంకుల్" అంది కూతురు. నేను పంపలేదని నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. పక్కన కూర్చున్న వాళ్ళమ్మ ఫొటోవైపు చూస్తూనే అన్నారు.

"తీసినవాళ్ళెవరో గానీ, ఆయన్ని ఆయనలాగా తీశారు నాయనా. ఎవరు తీశారో మీకేమైనా తెలుసా? ఎవర్ని చూసి అంతలా నవ్వుతున్నారో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు."

యాదగిరి నావైపు చూసి తల దించుకున్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అలా నిలబడటం ఆయన నేర్పిందే. ఇంతలో వంటవాళ్ళ మనిషి ట్రేలో టీ తెచ్చి మా ముందు పెట్టాడు.

"మమ్మల్ని చూసేనమ్మా" అన్నాను. తీసిందెవరో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.